మే నెలలో బస్తర్‌లో మైనస్ 40 డిగ్రీలా?

కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్ళని చూసి మనం నవ్వుతాం. వార్నింగ్ లైట్ వెలగగానే "సెన్సర్ పోయింది, మార్చెయ్యాలి" అనే మెకానిక్ మాటని మాత్రం నమ్మేస్తాం. ఆధారం అడగకుండా నమ్మడంలో ఈ రెండిటికీ తేడా ఏముంది?

జగదల్‌పూర్‌లో మే నెల ఎండలో ఒక హైబ్రిడ్ కారుకి స్కానర్ పెడితే బ్యాటరీ ఉష్ణోగ్రత మైనస్ 40 అని చూపించిందనుకోండి. బస్తర్‌లో చలికాలంలో కూడా అంత చలి ఉండదు. అంటే సెన్సర్ చెడినట్టేనా? అవ్వాలని లేదు. ఈ సెన్సర్ సాధారణంగా థర్మిస్టర్. వేడెక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే రకం 50 డిగ్రీల దగ్గర 4 కిలో ఓమ్‌ల లోపుకి దిగుతుంది. వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతం. కంప్యూటర్ లెక్కలో అది విపరీతమైన చలి. షార్ట్ అయితే విపరీతమైన వేడి.

పి0ఎ9బి అనే కోడ్‌కి అర్థం హైబ్రిడ్ బ్యాటరీ టెంపరేచర్ సెన్సర్ "సర్క్యూట్"లో లోపం అని. సర్క్యూట్ అంటే సెన్సరు, వైరు, కనెక్టరు, కంప్యూటరు అన్నీ. వానాకాలంలో కనెక్టర్ పిన్నులకి చిలుము పట్టినా ఇదే లైట్ వెలగచ్చు.

పరీక్ష కష్టం కాదు. బండిని రాత్రంతా నీడలో, ఛార్జింగ్ పెట్టకుండా ఉంచండి. పొద్దున్నే అన్ని సెన్సర్ల రీడింగులూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక్కటే తేడాగా ఉంటే అనుమానం ఆ సర్క్యూట్ మీద. కనెక్టర్ కదిపితే అంకె ఎగిరిందా? తప్పు కనెక్టర్ దగ్గరే. సెన్సర్ స్థానంలో తెలిసిన రెసిస్టర్ పెడితే కంప్యూటర్ సరైన అంకె చూపించిందా? అప్పుడు సెన్సర్‌ని అనుమానించండి. బ్యాటరీ ప్యాక్ లోపలి పని, ఆరెంజ్ రంగు కేబుళ్ళ పని మాత్రం శిక్షణ ఉన్నవాళ్ళకే వదలాలి.

ఒక్కోసారి సెన్సర్ నిజమే చెపుతుంది. చాలా టొయోటా హైబ్రిడ్‌లలో బ్యాటరీని చల్లబరచే ఫ్యాన్ క్యాబిన్ గాలినే లాగుతుంది. దాని ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిన బండిని కేశ్‌కాల్ ఘాట్ ఎక్కిస్తే బ్యాటరీ వేడెక్కదా?

నాకు భయం కలిగించేది వేరే ఉంది. పరీక్ష కోసం పెట్టవలసిన రెసిస్టర్‌ని శాశ్వతంగా అతికించి లైట్ ఆర్పేస్తే, కంప్యూటర్ ఎప్పటికీ 25 డిగ్రీలే అని నమ్ముతుంది. బ్యాటరీ ఉడికిపోతున్నా ఛార్జింగ్ ఆపదు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న భవనంలో మంటలు రేగి, పైనున్న హోటల్లో 8 మంది చనిపోయారు. అక్కడ తప్పు సెన్సర్‌ది అని నేను అనడం లేదు. మంట అంటుకుంటే ఏమవుతుందో చెపుతున్నాను.

ప్రశ్న వేసేవాణ్ణి నోరు మూయించి "అంతా బాగుంది" అనుకోవడం మూఢనమ్మకం చేసే పని. గ్యారేజీలో కూడా దాన్ని ఒప్పుకోకండి. "ఏ పరీక్ష చేసి ఈ మాట అంటున్నావు, భయ్యా?" అని అడగండి. జవాబు లేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.