చల్లారితే బాగుపడినట్టు కాదు

ఎండాకాలం మధ్యాహ్నం దౌల్తాబాద్ నుంచి కొడంగల్ వైపో తాండూరు వైపో వెళ్తుంటే, రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఆగిపోయిన పాత బండి ఒకటి కనబడటం కొత్తేమీ కాదు. బండి మనిషి తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నీడలో కూర్చుని ఉంటాడు. ఏమైందని అడిగితే, ‘ఏం లేదు, వేడెక్కింది. జర సల్లారితే అదే స్టార్టయితది’ అంటాడు. పావుగంటకు నిజంగానే స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి పోవాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ఆ పావుగంట నేల మీద గడిచింది కనుక ఎవరికీ ఏమీ కాలేదు. అదే పావుగంట చెరువు నడుమ గడపాల్సి వస్తే ఏమవుతుందన్నది ఇప్పుడు మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

మనం జెట్ స్కీ అనీ, వాటర్ స్కూటర్ అనీ పిలుచుకునే బండికి ఇదే జబ్బు వస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క మీట నొక్కగానే అందుకుంటుంది. రెండు మూడు సవారీలు తిరిగాక ఆపితే మళ్లీ అందుకోదు. 1970ల మొదట్లో కవాసాకి సంస్థ మార్కెట్లోకి తెచ్చిన జెట్ స్కీ పేరే ఈ జాతి బండ్లన్నింటికీ వాడుక పేరైంది. మన వైపు హుస్సేన్‌సాగర్‌లో, విశాఖ రుషికొండ తీరంలో ఇవి తిరిగాయి. వికారాబాద్ కోట్‌పల్లి జలాశయం పేరు చెబితే గుర్తుకొచ్చేవి కయాక్‌లే. కానీ హైదరాబాద్ నుంచి ఆదివారం జనం ఎక్కడికి వస్తే ఇంజిన్ బండ్లు కూడా అక్కడికి వస్తాయి. నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతల పథకానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. రేపు మన చెరువులు నిండితే సంతోషమే. నిండిన నీటి వెంటే టికెట్ కౌంటరూ వస్తుంది. దానికంటే ముందు జాగ్రత్త రావాలి.

మన వికారాబాద్ జిల్లాకు నీటి ప్రమాదాల చేదు తెలియనిది కాదు. 2023 సంక్రాంతి సెలవుల్లో కోట్‌పల్లి జలాశయంలో ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మునిగిపోయారు. 2025 మే నెలలో సర్పన్‌పల్లి ప్రాజెక్టులో పర్యాటకుల పడవ బోల్తా పడి ఇద్దరు మహిళలు మరణించారు. ఇవి ఇంజిన్ లోపం వల్ల జరిగాయని మేం అనడం లేదు. నిశ్చలంగా కనిపించే చెరువు ఎంత నిర్దయగా ఉండగలదో చెప్పడానికే గుర్తు చేస్తున్నాం. ఆ నీటి మీదికి మొరాయించే ఇంజిన్‌ను కూడా తోలితే, ఉన్న ప్రమాదానికి మన చేతులతో ఇంకొకటి కలిపినట్టే.

వేడి మీద ఎందుకు అందుకోదు? నీటి బండి ఇంజిన్‌కు గాలి తగలదు. మూత బిగించిన తొట్టిలాంటి పొట్టలో కూర్చుని ఉంటుంది. చాలా మోడళ్లలో వెనక జెట్ పంపు తిరిగినంతసేపే చల్లటి నీళ్లు ఇంజిన్ చుట్టూ పారుతాయి. ఇంజిన్ ఆపగానే ఆ ధార ఆగుతుంది, లోపలి వేడి మాత్రం అక్కడే ఉంటుంది. ఆపిన తర్వాత కొన్ని నిమిషాల పాటు పై భాగాలు ఇంకా కాగుతాయి. కార్బొరేటర్‌లో, గొట్టాల్లో ఉన్న పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. లేదా పొంగి సిలిండర్‌లోకి ఎక్కువగా దిగి ప్లగ్గును తడిపేస్తుంది. ఇగ్నిషన్ కాయిల్‌లో చుట్ట దెబ్బతింటే చల్లగా ఉన్నప్పుడు నిప్పురవ్వ ఇస్తుంది, వేడెక్కితే ఇవ్వదు. రింగులు అరిగితే వేడికి నూనె పలచబడి కంప్రెషన్ నిలవదు. బ్యాటరీ బలహీనమైనా, తీగల కొసలు తుప్పు పట్టినా వేడెక్కిన సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పలేక మూలుగుతుంది. నాచో ఇసుకో నీటి దారిలో అడ్డుపడితే అసలు వేడికే హద్దుండదు.

పనితెలిసిన మెకానిక్ చెవి ఇక్కడే పనికొస్తుంది. మీట నొక్కితే టక్కుమని మాత్రమే అంటోందా? బ్యాటరీ, రిలే, తీగలు చూడాలి. నిండా ఛార్జయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందికి జారితే దాన్ని నమ్మలేం. నెమ్మదిగా ఈడుస్తోందా? సెల్ఫ్ మోటారు, ఇంజిన్ బిగుసుకుపోవడం చూడాలి. చురుగ్గా తిరుగుతూనే అందుకోవడం లేదా? పెట్రోలు, నిప్పురవ్వ, కంప్రెషన్ మూడింటినీ వేడి మీదే పరీక్షించాలి. వీటన్నిటికంటే ముందు ఇంజిన్‌ను ఆపే కిల్ స్విచ్ తాడు క్లిప్పు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. అది ఊడితే ఎంత గొప్ప ఇంజిన్ అయినా పలకదు.

అసలు ప్రమాదం ఈ పరీక్షలోనే పొంచి ఉంది. మోటార్ సైకిల్ అందుకోకపోతే మన షెడ్లలో ఏం చేస్తారో అందరికీ తెలుసు. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజిన్ ఇనుముకు ఆనించి కిక్కు కొడతారు. టక్‌టక్‌మని నీలి రవ్వ కనబడితే ‘కరెంటు వస్తుంది’ అని తేల్చేస్తారు. రోడ్డు పక్కన పెట్రోలు ఆవిరిని గాలి ఎటో తీసుకుపోతుంది కనుక ఈ ఆట చాలాసార్లు చెల్లుతుంది. నీటి బండి పొట్టలో గాలి ఆడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కనుక అడుగున చేరి నిలుస్తుంది. పదిసార్లు సెల్ఫ్ కొట్టి, ప్లగ్గు విప్పి, పెట్రోలు పొంగిన ఇంజిన్ పక్కన ఆ నీలి రవ్వ చూపించడమంటే గడ్డివాము దగ్గర అగ్గిపుల్ల గీయడమే. సీటు ఎత్తి కొన్ని నిమిషాలు గాలి ఆడనివ్వాలి, ముక్కుతో వాసన పట్టాలి. పెట్రోలు వాసన వస్తే మీట ముట్టకూడదు. రవ్వ చూడాలంటే మూత ఉన్న స్పార్క్ టెస్టర్ వాడాలి, అదీ బండిని ఒడ్డుకు చేర్చి గాలి ఆడనిచ్చాకే. మెకానిక్ అన్నలకు మా మనవి ఒక్కటే: చేతికి అలవాటైన పనే ఇక్కడ చెయ్యి కాలుస్తుంది.

ఇక నీటి నడుమ సంగతి. ఈ బండికి విడిగా చుక్కాని ఉండదు. వెనక నుంచి దూసుకొచ్చే నీటి ధారే దాన్ని నడుపుతుంది, ఆ ధారే తిప్పుతుంది. ఇంజిన్ ఆగితే హ్యాండిల్ తిరుగుతుంది గానీ బండి తిరగదు. చాలా వాటికి బ్రేకులూ ఉండవు. అప్పుడు అది గాలి ఎటు కొడితే అటు పోయే డొప్ప. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మన దగ్గర గాలిదుమారం ఎంత వేగంగా లేస్తుందో రైతుకు చెప్పక్కర్లేదు. వానాకాలంలో చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు ఆ డొప్ప ఎటు కొట్టుకుపోతుందో ఊహించుకోవచ్చు. అలుగు దగ్గర, తూము దగ్గర నీటి లాగుడు ఒడ్డున నిలబడి చూసే కంటికి అందదు. చల్లారేదాకా ఆగుదామన్న మాట అక్కడ చెల్లదు. నీళ్ల మీద వేపచెట్టు ఉండదు.

కంగారులో చేసే పనులు మరో రెండు తప్పులు తెస్తాయి. నాచో తాడో చుట్టుకుందని సవారీ మనిషే నీటిలోకి దిగి జెట్ పంపులో చెయ్యి పెడతాడు. పైనున్న రెండో మనిషి అదే క్షణంలో మీట నొక్కితే వేళ్లు మిగలవు. తాడు క్లిప్పు పీకి దిగేవాడి చేతిలో ఉండాల్సిందే. రెండో తప్పు, ఆగిన బండిని ఇంకో బోటుకు కట్టి వేగంగా ఈడ్చడం. అలా ఈడిస్తే నీళ్లు చల్లబరిచే దారి గుండా ఎగదన్ని ఇంజిన్‌లోకే చేరవచ్చు. నీటి గొట్టాన్ని బిగించకుండా గంటకు 8 కిలోమీటర్లు దాటి ఈడ్చకూడదు. లాగేవాడి తొందర బండిని శాశ్వతంగా పడుకోబెడుతుంది.

ఇంజిన్ పరీక్షను జనం మధ్య చేస్తే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 2024 డిసెంబరు 18న ముంబయి తీరంలో నౌకాదళం స్పీడ్ బోటు ఒకటి ఇంజిన్ పరీక్షల్లో ఉండగా అదుపు తప్పి, ఎలిఫెంటా దీవికి పర్యాటకులతో వెళ్తున్న ‘నీల్ కమల్’ పడవను ఢీకొంది. పదిహేను మంది ప్రాణాలు పోయాయి. శిక్షణ పొందిన సిబ్బంది చేతుల్లోనే అలా జరిగితే, టికెట్ కొన్న కుర్రవాడి చేతికి అనుమానం బండి ఇచ్చి ‘ఒక రౌండ్ కొట్టి చూడు’ అనడాన్ని ఏమనాలి?

చట్టం లేక కాదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్గత జలమార్గ నౌకల చట్టం వచ్చింది. ఇంజిన్ పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలంటుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవల భద్రతకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ పర్యాటక పడవ గోదావరిలో మునిగాక నిబంధనల మీద ఎంత చర్చ జరిగిందో తెలుగు పాఠకులు మరిచిపోలేదు. అయితే మేం ఎత్తిచూపుతున్న లోపం ఏ కాగితం మీదా కనబడనిది. తనిఖీ మామూలుగా పొద్దున జరుగుతుంది. అప్పుడు ఇంజిన్ చల్లగా ఉంటుంది. మీట నొక్కితే అందుకుంటుంది, కాగితం మీద సంతకం పడుతుంది. మధ్యాహ్నం మొరాయించే బండి పొద్దుటి పరీక్షలో ఎప్పుడూ పాసవుతుంది. ఈ జబ్బు దాక్కునేది సరిగ్గా అక్కడే.

కాబట్టి మా సూచన ఇది. ఇంజిన్ పడవకు, నీటి బండికి వేడి పరీక్ష తప్పనిసరి చేయాలి. ఒడ్డుకు దగ్గరగా పావుగంట తిప్పి, ఆపి, ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, పది నిమిషాల తర్వాత ఒకసారి మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి. ఒక్కసారి మొరాయించినా ఆ రోజుకు అది నీటి మీదికి పోకూడదు. కారణం కనిపెట్టి బాగు చేశామని మెకానిక్ సంతకం పెట్టేదాకా ఒడ్డునే ఉండాలి. టికెట్ కౌంటర్ దగ్గర ఒక రిజిస్టర్ ఉండాలి. ‘వేడి మీద ఆగింది’ అన్న మాట అందులో ఎక్కాలి, సవారీకి వచ్చినవాళ్లు అడిగితే చూపాలి. బండ్లు నీటిలో ఉన్నంతసేపు ఇంకో పడవ, దాన్ని నడిపే మనిషి సిద్ధంగా ఉండాలి. ఆ పనికి థర్మోకోల్ తెప్పల మీద చెరువును చదువుకున్న మన మత్స్యకారులకంటే తగినవాళ్లు లేరు, వాళ్లకు జీతమిచ్చి పెట్టుకోవాలి. అలుగు, తూముల దగ్గరికి బండ్లు పోకుండా తేలే బెండ్లతో హద్దు కట్టాలి.

సవారీకి వెళ్లే యువకులకూ ఒక మాట. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకున్నాకే, కిల్ స్విచ్ తాడు మణికట్టుకు కట్టుకున్నాకే ఎక్కండి. నడుమ ఆగిపోతే బండిని వదిలి ఈదడానికి ప్రయత్నించకండి. మనిషి తలకంటే తేలే బండి దూరానికి బాగా కనబడుతుంది. మీట మీద మీట నొక్కి బ్యాటరీని చంపుకోకండి, చెయ్యెత్తి పిలవండి. ఎక్కడానికి ముందు ఒడ్డు మీది మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ బండి ఇందాక ఆపినాక మళ్లీ స్టార్టయిందా?’ ‘జర సల్లారనియ్యి, అయితది’ అని జవాబొస్తే, ఆ టికెట్ డబ్బులు వెనక్కి తీసుకోండి.