పగటి బల్లియా? అరచేతి బల్లియా?

మన ఇళ్లలో బల్లికి గౌరవం తక్కువ. తెలుగువారి ఇంట అది మీద పడితే పంచాంగం తెరచి ఫలం చూస్తారు. ఉర్దూ మాట్లాడే ఇంట ‘ఛిప్కలీ’ అన్న కేక వినబడగానే చీపురు కోసం వెదకుతారు. అటువంటి జీవిని ముచ్చటపడి పెంచుకొనవలెనని మా విద్యార్థి ఒకడు మా వద్దకు రాగా మొదట మేము నవ్వినాము. నవ్వినందుకు పిదప సిగ్గుపడినాము.

“సార్, అది పగలు మెలకువగా ఉండాలి, చేతిలోకి తీసుకుంటే ఊరుకోవాలి. అలాంటి బల్లి ఏది?” అని అతని ప్రశ్న. హాస్టలులో రాత్రి దీపాలు ఆర్పివేస్తారు గనుక రాత్రి తిరిగే జీవి తనకు పనికిరాదట. స్కాలర్‌షిప్ సొమ్ములో కొంత దాచి కూడా ఉంచినాడు. మేము తెలుగు బోధించేవారము. అయినను ఒక ప్రాణి విషయమై విద్యార్థి అడిగినప్పుడు మాకు తెలియదని తప్పించుకొనడం న్యాయం కాదని తలచి, పుస్తకాలు తిరగవేసి, జంతుశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి తెలిసికొన్నాము.

తెలిసినదేమనగా, ఆ రెండు కోరికలూ ఒకే జీవిలో కలియడం కడు అరుదు.

బల్లి జాతులలో అధిక భాగం నిశాచరులే. పగలు సంచరించే వాటిలో పేరెన్నికగన్నవి ఫెల్సూమా ప్రజాతికి చెందిన పచ్చని బల్లులు. మడగాస్కర్ ద్వీపపు పెద్ద పగటి బల్లి జానెడుకు మించి పెరుగుతుంది. చిగురాకు పచ్చదనంపై కుంకుమ చుక్కలు దిద్దినట్లు ఉంటుంది. ఈ ప్రజాతి బల్లి ఒకటి మన అండమాన్ దీవులలోనూ ఉన్నది. రాత్రి బల్లుల కంటిపాప పగటి వెలుగులో నిలువు గీతవలె సన్నబడగా, వీటి కంటిపాప గుండ్రముగా ఉంటుంది. పగలు చూడదగిన అందమంతా వీటిదే. కాని వీటి చర్మం ఎంత సుకుమారమనగా, గట్టిగా పట్టినచో పట్టినవాని వ్రేళ్లకే ఊడి వస్తుంది. మచ్చికైన పగటి బల్లి వ్రేలిపై పూసిన పండ్ల గుజ్జును నాకవచ్చును. అది తానై వచ్చినప్పటి మాట. మనం పట్టుకొనడం వేరు.

ఇక చేతికి ఓర్చుకొనేది చిరుతమచ్చల లెపర్డ్ గెకో. ఆఫ్ఘనిస్థాన్, పాకిస్థాన్, మన వాయవ్య భాగపు రాతి నేలలు దాని జన్మస్థానం. దానికి కనురెప్పలున్నవి, గోడ ప్రాకే మెత్తని పాదాలు లేవు, నడక నిదానం. నెమ్మదిగా అలవాటు చేసినచో అరచేతిలో నిలుస్తుంది. కాని పగలంతా రాతి క్రింద దాగి మగ్రిబ్ వేళకు గాని బయటికి రాదు. చక్కగా సాకినచో పదిహేను, ఇరువది ఏండ్లు బ్రతుకుతుంది. మూడేండ్ల డిగ్రీ ముగించుకొని విద్యార్థి ఉద్యోగార్థియై ఊరూరా తిరిగేనాడు దానిని ఎవరు సాకుతారు?

చట్టం మాట కూడా మరువరాదు. ఫెల్సూమా బల్లులన్నియు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ ప్రకారం అట్టి విదేశీ జీవులను ఉంచుకొనేవారు వాటిని నమోదు చేయించుకొనవలెను. కావున అంగడివాని మాట కంటె ముందు అటవీ శాఖవారి మాట వినవలెను.

ఇంతకూ మా అభిప్రాయమేమి? అరచేయి కావలెనన్నచో పగటిని వదలుకొనవలెను. పగలు కావలెనన్నచో అరచేతిని వదలుకొనవలెను. రెంటిలో వదలదగినది అరచేయియే అని మేము తలచుచున్నాము. బల్లికి మన నిమురుట సుఖం కాదు. మహా అయితే అది సహిస్తుంది. మా చిన్నతనంలో గోడబల్లిని పట్టబోగా తోక మాత్రం మా పిడికిట మిగిలినది. జీవి పారిపోయిన పిమ్మట కూడ ఆ తోక చాలసేపు కొట్టుకొన్నది. ఆ స్పర్శ నేటికీ మా అరచేతికి గుర్తే. భయం లేకుండా తాకదగిన బల్లి కంచి వరదరాజస్వామి ఆలయంలోని లోహపు బల్లి ఒక్కటే కాబోలు!

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రయోగశాలలో జీవులను ఉంచదలచినచో కొనడానికి ముందే సెలవు దినాలలో వాటిని చూచేవారెవరో నిర్ణయించండి. అంతవరకు మన వరండా దీపం క్రింద పురుగులకై పొంచి ఉండే గోడబల్లియే చాలును.

ఈ మాటలే ఆ విద్యార్థికి చెప్పినాము. అతడు చిన్నబోయినాడు, వాదించలేదు. మరునాడు సాయంత్రం వరండా దీపం క్రింద నోటుపుస్తకంతో నిలుచుండగా చూచినాము. ఏమి వ్రాయుచున్నావని అడుగగా, వ్రేలు పెదవిపై ఉంచి, పైకి చూపినాడు.