డిజైనర్ బేబీలు: డబ్బున్నోళ్ల పిల్లలే ‘బెస్ట్’గా పుడతారా?

పుట్టబోయే బిడ్డ ఆరోగ్యంగా ఉండాలని ఏ తల్లిదండ్రులైనా కోరుకుంటారు. మరి తెలివిగా, పొడుగ్గా కూడా ఉండాలంటే? అమెరికాలో ఇప్పుడు ఇదో బిజినెస్. పిండాల జన్యువులు చదివి మార్కులేసి ఇచ్చే కంపెనీలు అక్కడ పుట్టుకొచ్చాయి. అసలు ఇదెలా చేస్తారు? ఖర్చెంత? మన చట్టం ఏమంటోంది?

ఎంపిక వేరు.. ఎడిటింగ్ వేరు

ఐవీఎఫ్‌లో ఒకేసారి కొన్ని పిండాలు తయారవుతాయి. ఒక్కో దాని నుంచి కొద్దిగా కణాలు తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తారు. ఏ జబ్బు రిస్క్ ఎంతుందో స్కోర్ ఇస్తారు. నచ్చిన పిండాన్నే గర్భంలోకి పంపుతారు. ఇది ఎంపిక.

జన్యువునే మార్చేస్తే అది ఎడిటింగ్. చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ చేసింది అదే. హెచ్ఐవీ సోకకుండా జన్యువు మార్చిన కవలలు పుట్టారని 2018 నవంబర్‌లో ప్రకటించారు. ప్రపంచమంతా దుమారం రేగింది. 2019లో అక్కడి కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. అంటే ఎడిటింగ్ చేసి బిడ్డను పుట్టించడం ఇప్పటికీ గీత దాటడమే. ఎంపిక మాత్రం అమెరికాలో ఓపెన్‌గానే అమ్ముతున్నారు.

రేటు చూస్తే షాకే

ఆర్కిడ్ అనే కంపెనీ ఒక్కో పిండానికి 2,500 డాలర్లు తీసుకుంటోంది. అంటే 2 లక్షల రూపాయలకు పైనే. ఐదు పిండాలుంటే 10 లక్షలు దాటిపోతుంది. హెరాసైట్ అనే మరో కంపెనీ ఐక్యూ స్కోర్ కూడా చెబుతానంటోంది. దాని ప్యాకేజీ 50 వేల డాలర్ల వరకు ఉంది. ఐవీఎఫ్ ఖర్చు దీనికి అదనం.

ఇంత పోస్తే దక్కేదెంత?

2019లో శాస్త్రవేత్తలు ఓ లెక్క కట్టారు. అప్పటి స్కోర్లతో టాప్ పిండాన్ని ఎంచుకున్నా, సగటు కంటే పెరిగేది సుమారు 2.5 సెంటీమీటర్ల ఎత్తు లేదా 2.5 ఐక్యూ పాయింట్లే. పైగా ఈ స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్న వాళ్ల డేటాతో తయారైనవి. మన దక్షిణాసియా వాళ్లకు వీటి కచ్చితత్వం తగ్గిపోతుంది. అమెరికాలోని తెలుగు జంట అంతే డబ్బు కట్టినా అంతే నమ్మకమైన ఫలితం రాకపోవచ్చన్నమాట.

మనకు పాత పాఠం ఉంది

1970ల్లో ఉమ్మనీటి పరీక్ష మన దేశానికి వచ్చింది శిశువులో లోపాలు కనిపెట్టడానికే. కొన్నాళ్లకే అది ఆడపిల్ల అని తెలిస్తే వద్దనుకునే సాధనమైంది. అందుకే 1994లో లింగ నిర్ధారణ నిరోధక చట్టం తెచ్చారు. అయినా ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991లో 945 ఉంటే 2001కి 927కి పడిపోయింది. అదే చట్టం ప్రకారం పిండాల జన్యు పరీక్ష జన్యు జబ్బులు, పుట్టుక లోపాల లాంటి వాటి కోసమే చేయాలి. తెలివి, ఎత్తు ఆ జాబితాలో లేవు. జన్యువులు మార్చిన పిండంతో గర్భం తెప్పించడానికి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఒప్పుకోవు.

అసలు అవసరం ఎవరికి?

జన్యు ఎడిటింగ్‌తో మేలు జరగదా అంటే జరుగుతుంది. పిండం జోలికి పోకుండా, రోగి సొంత కణాలనే సరిచేసి సికిల్ సెల్ వ్యాధికి చికిత్స చేసే క్యాస్‌జెవీకి 2023లో అమెరికా అనుమతి దొరికింది. కానీ అక్కడ దాని ధర 22 లక్షల డాలర్లు. అంటే 18 కోట్ల రూపాయలకు పైమాటే. ఏపీ, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో ఆదివాసీ కుటుంబాలను పీడిస్తున్నది ఈ జబ్బే. 2047 నాటికి దీన్ని నిర్మూలిస్తామంటూ కేంద్రం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టింది. దాని పని ప్రధానంగా స్క్రీనింగ్, కౌన్సెలింగ్, మందులు.

ఒకవైపు రెండు పాయింట్ల ఐక్యూ కోసం లక్షలు పోసేవాళ్లు. మరోవైపు చికిత్స ఉందని తెలిసినా దాని ధర ఊహకు కూడా అందని తల్లిదండ్రులు. ఈ టెక్నాలజీ రేటు తగ్గాలంటే ముందు ఎవరి కోసం తగ్గాలన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సిన విషయం.