కుక్కపిల్లకు పండగ, అక్కకు పని

గత డిసెంబరు రెండో వారంలో మా ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది. మా అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి నాలుగు. ఎదురు ఫ్లాట్ వాళ్లు లాబ్రడార్‌ను తెచ్చుకున్నప్పటి నుంచి ఇద్దరూ మా ప్రాణం తీశారు. క్రిస్మస్‌కు ఇంకేమీ వద్దు, కుక్కపిల్లే కావాలి. కొత్త బట్టలు కూడా వద్దన్నారు, అంటే చూడండి.

డబ్బు పెట్టి కొనకూడదని నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం. మా వీధి చివర మూసేసిన టైలరు షాపు మెట్ల కింద ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటిలో ఒకదాన్ని రెండు నెలలు నిండాక తెచ్చుకున్నాం. మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గర ఉండాల్సిన కాలం అది. అమ్మాయి దానికి 'స్టార్' అని పేరు పెట్టింది. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రమట.

నిజం చెప్పాలంటే ఆ వారం మా మీద మాకే ముచ్చటేసింది. జాతికుక్క కోసం పదిహేను వేలు పోయకుండా వీధిలో పుట్టిన జీవానికి ఇంట్లో చోటిచ్చాం. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురికి చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెప్పుకోవడమే సిగ్గుగా ఉంది.

పండగ రోజుల్లో కుక్కపిల్లను తేవడం ఎంత తెలివితక్కువ పనో పది రోజుల్లోనే తెలిసింది. ఇల్లంతా చుట్టాలు, టపాసులు, రాత్రి పూట పాటల బృందాలు. అది సోఫా కిందికి దూరి వణికేది. మా అబ్బాయి ప్రేమకొద్దీ ప్లమ్ కేకు ముక్క పెట్టబోతే ఆఖరి క్షణంలో లాక్కున్నాను. ఎండుద్రాక్ష కుక్కలకు విషం. చాక్లెట్ కూడా అంతే, ఉల్లిపాయ కూడా అంతే. అమ్మాయి చెట్టుకు కట్టిన జరీ దారాన్ని సగం మింగేసింది. రాత్రి రెండింటికి లేచి ఏడ్చేది. ఉదయానికి హాలులో నాలుగు చోట్ల తుడవాల్సి వచ్చేది. బ్రిటన్‌లో ఒక కుక్కల సంరక్షణ సంస్థ 1978 నుంచీ ఇదే చెబుతోంది, కుక్క పండగ కానుక కాదు, బతికినంత కాలం చూసుకోవాల్సిన ప్రాణి అని. నేను ఆ మాట ఎప్పుడో చదివాను. చదివినవన్నీ గుర్తుంటే ఇంకేం.

ఆ నాలుగు చోట్లా తుడిచింది ఎవరో చెప్పలేదు కదూ.

మా ఇంట్లో ఆరేళ్లుగా ఒకామె పనిచేస్తోంది. మదనపల్లె వైపు మనిషి. పిల్లలూ మేమూ ఆమెను 'అక్క' అంటాం. ఆమె నన్ను 'మేడం' అంటుంది. ఈ తేడా నాకు ఇన్నేళ్లూ చెవిన పడలేదు. ఆమె కూడా విశ్వాసే. మా చర్చి కాదు, రేకుల షెడ్డులో జరిగే చిన్న ప్రార్థన మందిరం. కూతురు ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పండక్కి ఇంటికొస్తుంది. అందుకే 24 నుంచి 27 వరకు సెలవు కావాలని అక్క నవంబరులోనే అడిగింది. సరేనన్నాను.

మేం ఏటా క్రిస్మస్‌కు కోలార్ బంగారు గనులకు పోతాం. మా అత్తమామలు అక్కడే గని క్వార్టర్సులో ఉంటారు. మేం ఎక్కే మారికుప్పం ప్యాసింజరులో కుక్కపిల్లకు చోటు లేదు. కుక్కల్ని ఉంచుకునే చోట అడిగితే టీకాలన్నీ పూర్తయితే గానీ తీసుకోమన్నారు. ఇక మిగిలింది అక్క. "ఈ ఒక్కసారికి, రోజూ రెండు పూటలు వచ్చి దానికి కాస్త తిండి పెట్టి వెళ్లవా? డబ్బు రెండింతలు ఇస్తాను" అన్నాను. ఆమె ఒక నిమిషం ఆగి, "సరే మేడం" అంది. ఊరికి పోలేదు. కూతురినే బెంగళూరుకు రప్పించుకుందామనుకుంది గానీ, ఒక్కతే బస్సెక్కడానికి ఆ పిల్లకు పదకొండేళ్లే. అది నాకు తరువాత తెలిసింది.

గనుల్లో మా పండగ బాగా జరిగింది. అత్తమ్మ గవ్వలు, గులాబీ పువ్వులు, అరిసెలు చేసింది. పిల్లలు సైనైడ్ దిబ్బలు చూసి కొండలనుకున్నారు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున బంగారం తవ్విన ఊరి నుంచి ఇప్పుడు రోజూ వేలమంది తెల్లవారుజామునే రైలెక్కి పనుల కోసం బెంగళూరు వస్తారు. మామయ్య గని లోపల పనిచేసినవాడు. ఇప్పటికీ దగ్గుతాడు.

25న భోజనాలయ్యాక స్టార్ గురించి పిల్లలు తాతకు కథలు కథలుగా చెప్పారు. ఆయన అంతా విని నన్ను అడిగాడు:

"దాన్నిప్పుడు ఎవురు చూస్తా ఉండారు?"

చెప్పాను.

"ఆ యమ్మకి పండగ లేదా?"

"అడిగాను మామయ్యా, సరేనంది."

"షిఫ్టు మేస్త్రి అడిగితే మేమూ సరే అనేవాళ్లమే గదమ్మా" అని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

27 ఉదయం మేం తిరిగొచ్చేసరికి అక్క చేతికి గుడ్డ కట్టి ఉంది. పండగ రోజు సాయంత్రం గిన్నె తీస్తుంటే స్టార్ కొరికింది. కోపంతో కాదు, ఆ వయసులో పళ్లొచ్చే దురద. కానీ రక్తం వచ్చింది. అక్క పసుపు అద్ది గుడ్డ చుట్టింది. పండగ పూట మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఫోన్ చేయలేదట.

ఇక్కడ ఒక మాట పిల్లలున్న ప్రతి ఇంటికీ చెప్పాలి. కుక్కపిల్లకు రేబిస్ టీకా మూడో నెలలో గానీ వేయరు. అంతవరకు అది ఎంత ముద్దొచ్చినా టీకా లేని కుక్కే. అది కొరికినా, గీరి రక్తం వచ్చినా, వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. ఆ జబ్బుతో ప్రపంచంలో చనిపోయేవారిలో మూడో వంతుకు పైగా మన దేశంవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లలు అందులో చాలామంది, ఎందుకంటే వాళ్లు కొరికిందని ఇంట్లో చెప్పరు. పెద్దవాళ్లు కూడా చెప్పరని నాకు ఆ రోజే తెలిసింది.

ఆటో ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. గాయం చుట్టూ ఒక ఇంజెక్షన్, భుజానికి టీకా. మళ్లీ 30న, జనవరి 3న, 24న రమ్మన్నారు. టీకా ఉచితమే. లైనులో నిలబడే పూట మాత్రం ఉచితం కాదు. అక్క ఇంకో మూడిళ్లలో చేస్తుంది. అందులో ఒక ఇంట్లో రానిరోజుకు జీతం కోస్తారు. అంటే మా పిల్లల క్రిస్మస్ కానుకకు ఆమె నాలుగు పూటలు, తన కూతురి సెలవులు, తన చర్చి పండగ ఇచ్చుకుంది. మేం ఇచ్చింది రెండింతల రోజుకూలి.

ఆమె ఒప్పుకుంది కదా, బలవంతం చేయలేదు కదా అని మా స్నేహితురాలు ఒకామె నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పు నాకు పనికిరాలేదు. 'కాదు' అంటే వచ్చే నెల పని ఉంటుందో లేదో తెలియని మనిషిని అడగడం అడగడం కాదు. ఆమె పనికి రాతపూర్వకమైన ఒప్పందం లేదు. వారానికి ఒకరోజు సెలవని ఎక్కడా రాసి లేదు. ఇంటిపనివారికి వారంలో కనీసం వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివారి కోసం చట్టం తేవడం గురించి పరిశీలించడానికి ఒక కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. చట్టం ఎప్పుడొస్తుందో రానీ. మనకు ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయం చట్టానికి ముందే ఉంది. విశ్రాంతి దినం ఇంటి యజమానికి మాత్రమే కాదు, దాసదాసీలకు, ఎద్దుకు, గాడిదకు కూడా అని అక్కడ స్పష్టంగా ఉంది. ఆ వరసలో మేం పశువు దగ్గర ఆగిపోయాం. దాసి మాట మరిచిపోయాం.

మన తెలుగు సంఘాల్లో చాలావాటికి పుట్టుకే పనివాళ్ల లైన్లలో. గనుల్లో, మిల్లుల్లో, మునిసిపాలిటీ చీపురు పనుల్లో. మా మామయ్య తరం వరకు సెలవు అడిగేవాళ్లం. ఒక్క తరంలో సెలవు ఇచ్చేవాళ్లమయ్యాం, ఇవ్వడం మాత్రం నేర్చుకోలేదు. డిసెంబరులో మన కానుకల లిస్టుల్లో అనాథాశ్రమం ఉంటుంది, దుప్పట్ల పంపిణీ ఉంటుంది. మన వంటింట్లో గిన్నెలు తోమే విశ్వాసికి నాలుగు రోజుల జీతంతో కూడిన సెలవు ఎక్కడా ఉండదు. డిసెంబరు మొదటి ఆదివారం పాస్టరుగారు బలిపీఠం మీద నుంచి ఒక్క ప్రకటన చేస్తే చాలు: మీ ఇంట్లో పనిచేసేవారి పండగ సెలవు తేదీలు ఈ వారమే ఖాయం చేయండి, ఆ జీతం ముందే ఇవ్వండి. మంచం పట్టిన ముసలివాళ్లున్న ఇళ్లకు ఇది కష్టమే, ఒప్పుకుంటాను. దానికి యవనస్థుల సంఘం ఉంది కదా. కేరల్స్ పాడటానికి ఇరవై ఇళ్లు తిరిగేవాళ్లు రెండిళ్లలో రెండేసి గంటలు కూర్చోలేరా?

24న ఆఖరి టీకా అయ్యాక ఆసుపత్రి బయట టీ తాగాం. సంక్రాంతికి తాను ఊరెళ్లలేదని, లీవులు అయిపోయాయని అక్క అంది. ఏ లీవులని అడిగాను. మిగతా ఇళ్లలో ఆసుపత్రి పూటల్ని లీవుల కింద రాసుకున్నారట.

స్టార్ ఇప్పుడు పెద్దదైంది. టీకాలన్నీ వేయించాం. ఉదయం హాలు తుడిచేది మా ఆయన, సాయంత్రం నేను, శనివారం పిల్లలు, అరకొరగా. వంటింటి క్యాలెండరులో డిసెంబరు 20 నుంచి 28 వరకు ఎర్ర గీత గీశాను, అక్క ముందే. ఆ రోజుల జీతం నవంబరు జీతంతో కలిపి ఇస్తాను. మేం ఈసారి కారు మాట్లాడుకుని కుక్కతో సహా గనులకు పోతాం. అక్క ఆ గీత చూసి నవ్వింది గానీ ఏమీ అనలేదు. ఊరికి బస్సు టికెట్టు ఇంకా తీసుకోలేదు.