కోక్ సొమ్ముతో చురక

క్రిస్మస్ అంతా వ్యాపారమైపోయిందని ఓ పిల్లాడి దిగులు. దాన్ని తెరకెక్కించడానికి డబ్బిచ్చింది మాత్రం కోకాకోలా! 1965 డిసెంబర్ 9న అమెరికాలో సీబీఎస్ ప్రసారం చేసిన అరగంట కార్టూన్ 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' కథ ఇది. చార్లెస్ షుల్జ్ 1950 నుంచి పత్రికల్లో గీస్తూ వచ్చిన 'పీనట్స్' స్ట్రిప్‌కు తొలి టీవీ స్పెషల్.

ఛానల్ పెద్దలకు అది బొత్తిగా నచ్చలేదు. నత్తనడక అన్నారు. వెనక నుంచి వినిపించే రికార్డెడ్ నవ్వులు లేవు, సంగీతం చూస్తే జాజ్. పిల్లల పాత్రలకు గొంతిచ్చిందీ పిల్లలే. చెల్లెలు శాలీగా మాట్లాడిన పాపకైతే ఇంకా చదవడమే రాదు. ఒక్కో ముక్కా చెప్పి పలికించారు. బైబిల్ పఠనం దగ్గర నిర్మాత, దర్శకుడు కూడా వెనుకాడినా షుల్జ్ పట్టు వీడలేదు. తేదీ ఖరారైపోయింది గనుక వేశారంతే. తీరా చూస్తే, ఆ రాత్రి టీవీ పెట్టుకున్న ఇళ్లలో దాదాపు సగం దాన్నే చూశాయి. ఎమ్మీ, పీబాడీ అవార్డులూ వచ్చాయి.

అందులో లూసీ కోరేది గులాబీ రంగు అల్యూమినియం చెట్టు. చార్లీ తెచ్చేది ఆకులు రాలిపోతున్న బక్క మొక్క. తర్వాత కొన్నేళ్లకే అల్యూమినియం చెట్లకు గిరాకీ పడిపోయింది. కారణం ఈ కార్టూనే అనేవారున్నారు.

కోక్ ప్రస్తావనలను తర్వాతి ప్రసారాల్లో కత్తిరించారు. వ్యాపారం మాత్రం వదల్లేదు. 2020లో ప్రసార హక్కులు యాపిల్ చేతికి వెళ్లాయి. ప్రేక్షకులు గోల చేస్తే ఆ ఏడాదీ, 2021లోనూ పీబీఎస్‌లో వేశారు. 2022 నుంచి అదీ లేదు. డిసెంబర్‌లో ఓ రెండు మూడు రోజులు ఉచితం, మిగతా రోజుల్లో చార్లీ దిగులు చూడాలన్నా చందా కట్టాల్సిందే.