పోప్ మరణంపై మన మాటలు, వారి మౌనం

ఏప్రిల్ 21న, ఈస్టర్ మరునాడు, రోమన్ కేథలిక్కుల మతాధిపతి పోప్ ఫ్రాన్సిస్ తన 88వ యేట వాటికన్‌లో కన్నుమూశారు. అంతకు ముందు రోజు ఆయన పేర వినిపించిన పండుగ సందేశంలో గాజాలో కాల్పులు ఆగాలని, బందీలను విడిచిపెట్టాలని, ఆకలితో అలమటిస్తున్న ప్రజలకు అన్నం అందించాలని ఉంది. స్వయంగా చదివే ఓపిక లేక ఆయన చూస్తూ ఉండగా మరొకరు చదివారు. లోకాన్ని ఉద్దేశించి ఆ వృద్ధుడు చేసిన చివరి అభ్యర్థన అది. ఆయన పోయాక లోకం స్పందించిన తీరు చూస్తే, ఆ ఒక్క అభ్యర్థనను తప్ప తక్కిన సమస్తాన్నీ అందరూ గుర్తుంచుకున్నారనిపిస్తుంది.

ముందుగా ఇజ్రాయెల్ సంగతి. ఆ దేశపు విదేశాంగ శాఖ సామాజిక మాధ్యమంలో ఒక చిన్న నివాళి పెట్టి, కొన్ని గంటలకే తొలగించింది. పొరపాటున పెట్టామని అధికారులు వివరణ ఇచ్చుకున్నారు. మరణించిన వ్యక్తికి నాలుగు మంచిమాటలు చెప్పడం కూడా పొరపాటయ్యే స్థితికి ఒక రాజ్యం చేరిందన్నమాట! అధ్యక్షుడు హెర్జోగ్ మర్యాదగా సంతాపం తెలిపారు. ఆ మాట దాచవలసిన పని లేదు. ప్రధాని నెతన్యాహు కార్యాలయం నోరు విప్పడానికి మాత్రం రోజులు పట్టింది. దేశదేశాల అధినేతలు తరలివచ్చిన అంత్యక్రియలకు ఇజ్రాయెల్ తరఫున వాటికన్‌లోని రాయబారి మాత్రమే హాజరయ్యారు.

ఇంత కినుకకు కారణమేమిటి? 2023 అక్టోబరు నుండి దాదాపు ప్రతి సాయంత్రం ఆయన గాజా నగరంలోని హోలీ ఫ్యామిలీ చర్చికి ఫోన్ చేసేవారు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనూ వీలైనప్పుడల్లా చేశారు. మరణానికి రెండు రోజుల ముందు, శనివారం సాయంత్రం కూడా చేశారు. ఈ రోజు ఏమి తిన్నారని అడిగేవారట. అక్టోబరు 7 నాటి హత్యలను ఆయన ఖండించారు. బందీల కుటుంబాలను కలిశారు. పాలస్తీనియుల కుటుంబాలనూ కలిశారు. గాజాలో జరుగుతున్నది జాతి నిర్మూలన అవునో కాదో నిపుణులు విచారించాలని 2024లో అన్నారు. పిల్లలపై బాంబులు వేయడం యుద్ధం కాదు, క్రౌర్యమని అదే సంవత్సరం డిసెంబరులో అన్నారు. ఇందులో ఏ మాట అబద్ధం? ఆయన మరణించేనాటికి గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం హతులు 51 వేలు దాటారు. మార్చి 2 నుండి అప్పటివరకు ఆ నేలపైకి ఆహారం కూడా చేరలేదు.

ఇక అంత్యక్రియలకు వచ్చిన పెద్దల మాట. ఏప్రిల్ 26న ఆ శవపేటిక ముందు వరుసలుగా కూర్చున్నవారిలో ఆయుధాలు అమ్మేవారున్నారు, శరణార్థుల పడవలను వెనక్కి నెట్టేవారున్నారు. వలస వచ్చినవారిని మూకుమ్మడిగా వెళ్లగొట్టే విధానాన్ని ఫ్రాన్సిస్ ఫిబ్రవరిలో అమెరికా బిషప్పులకు రాసిన లేఖలో తప్పుపట్టారు. ఆ విధానాన్ని అమలు చేస్తున్న ట్రంప్ ముందు వరుసలోనే కూర్చున్నారు. ఒకప్పుడు ఆయనను మూర్ఖుడని తిట్టిన స్వదేశాధ్యక్షుడు, అర్జెంటీనాకు చెందిన మిలేయ్ కూడా అక్కడే ఉన్నారు. చనిపోయినవాడు ఎదురు చెప్పలేడు కనుక అతనిని పొగడటంలో ఏ పాలకునికీ నష్టం లేదు.

మన దేశం మూడు రోజుల అధికారిక సంతాపం ప్రకటించింది. రాష్ట్రపతి స్వయంగా రోముకు వెళ్లారు. ప్రధాని ఆయన కరుణను, వినయాన్ని కొనియాడారు. మర్యాద పాటించారు, మంచిదే. అయితే ఫ్రాన్సిస్ జెస్యూట్ సంఘం నుండి పోప్ అయిన మొదటి వ్యక్తి. అదే సంఘానికి చెందిన స్టాన్ స్వామి అనే పూజారి జార్ఖండ్ ఆదివాసుల కోసం జీవితం ధారపోసి, 2020 అక్టోబరులో ఉపా చట్టం కింద అరెస్టయ్యారు. పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణికే ఆ ముసలివాడు నీళ్లు తాగడానికి ఒక స్ట్రా కోసం కోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. 2021 జులై 5న, బెయిల్ రాకముందే, 84 ఏళ్ల వయసులో మరణించారు. ఆయనకు ఏ జెండా అవనతం కాలేదు. రోములో ఉన్న జెస్యూట్‌కు సంతాపం, రాంచీలో ఉన్న జెస్యూట్‌కు సంకెళ్లు! ఈ తేడాను అడగకుండా సంతాప తీర్మానాలను మెచ్చుకోవడం నా వల్ల కాదు.

వారిని ఇంతగా అన్నాక మన ఇంటి వైపు చూడకపోతే న్యాయం కాదు. ఆయన మరణవార్తకు మన సముదాయంలో రెండు రకాల మాటలు వినిపించాయి. మొదటిది: ఒక క్రైస్తవ మతాధిపతి పోతే ముస్లింలు బాధపడటమేమిటి, ఇది విశ్వాసానికి భంగం కాదా అని. మసీదు మెట్ల మీద, కుటుంబాల వాట్సాప్ బృందాలలో ఈ మాట అన్నవారు తక్కువేమీ కాదు. వారికి జవాబు మన గ్రంథాలలోనే ఉంది. ఖాదిసియాలో ఒక ముస్లిమేతరుని జనాజా వెళుతుంటే సహ్ల్ బిన్ హునైఫ్, ఖైస్ బిన్ సఅద్ (ర) లేచి నిలబడ్డారు. ఇతడు ఇక్కడి స్థానిక ముస్లిమేతరుడు కదా అని పక్కవారు అడిగారు. అప్పుడు ఆ సహాబాలు దైవప్రవక్త (స) ఒక యూదుని జనాజాకు లేచి నిలబడిన సంగతి, అతడూ ఒక ప్రాణమే కదా అని ప్రశ్నించిన సంగతి చెప్పారు. బుఖారీలో ఉన్న ఈ ఉల్లేఖనం మదరసా పిల్లలకు కూడా తెలుసు. మరణించిన ముస్లిమేతరుని పాప విమోచనకై దుఆ చేయడం వేరు, అతని ఆప్తులను ఓదార్చడం వేరు. మన ఉలమాలు శతాబ్దాలుగా చూపుతూ వచ్చిన ఈ భేదాన్ని చెరిపేసి, మౌఢ్యాన్ని ఈమాన్ అని పిలవకూడదు. అల్-అజ్హర్ ప్రధాన ఇమాము అహ్మద్ అల్-తయ్యిబ్ ఆయనను సోదరునిగా తలచుకుని సంతాపం తెలిపారు. 2019 ఫిబ్రవరి 4న అబూ ధాబీలో ఆ ఇద్దరూ మానవ సౌభ్రాతృత్వ పత్రంపై సంతకాలు చేశారు. ఆ ఇమాము కంటే మనకు ధర్మం ఎక్కువ తెలుసా?

రెండవ రకం మాట వినడానికి తియ్యగా ఉంటుంది. ఆయన లోలోపల ముస్లిమేనని కొందరు, అరబ్బు రాజులందరికంటే ఆయనే మేలని కొందరు. అరబ్బు పాలకుల పిరికితనం గురించి నాకూ చెప్పవలసింది చాలా ఉంది. కానీ దానికి ఒక క్రైస్తవుని శవం ఆధారం కానక్కరలేదు. ఆయన త్రిత్వాన్ని నమ్మారు, మనం తౌహీదును నమ్ముతాము. ఈ తేడా తేడాగానే ఉంటూ ఆయన 2013లో రోము బాలనేరస్థుల గృహంలో ఒక ముస్లిం బాలిక పాదాలు కడిగారు. 2016లో లెస్బోస్ ద్వీపం నుండి మూడు సిరియా ముస్లిం కుటుంబాలను తన విమానంలో రోముకు తెచ్చుకున్నారు. 2017లో ఢాకాలో రోహింగ్యాలను క్షమాపణ కోరారు. 2021 మార్చిలో నజఫ్ వెళ్లి, ఆయతొల్లా సీస్తానీ అద్దె ఇంటి గుమ్మం తొక్కారు. ఇవన్నీ ఆయన క్రైస్తవుడై ఉండి చేసినవి. ఆయనను ముస్లింను చేసి పొగిడితే ఆ పనుల విలువ తగ్గుతుందే తప్ప పెరగదు. 2006లో బెనెడిక్ట్ రీగెన్స్‌బర్గ్‌లో చేసిన ప్రసంగం వల్ల, ఆ తరువాత 2011లో అల్-అజ్హర్ సంభాషణ ఆపివేయడం వల్ల ఏర్పడిన అగాధాన్ని గుర్తుచేసుకుంటే, ఫ్రాన్సిస్ ఎంత దూరం నడిచి వచ్చారో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫ్రాన్సిస్ చిత్రపటాల ముందు మన దేశంలో కొవ్వొత్తులు వెలిగించిన చర్చి పెద్దలే, అంతకు మూడు వారాల ముందు వక్ఫ్ సవరణ బిల్లుకు అనుకూలంగా మాట్లాడారు. కేరళ బిషప్పుల మండలి బిల్లును బలపరచవలసిందిగా ఎంపీలను కోరింది. కారణం మునంబం. అక్కడ దాదాపు 600 కుటుంబాల మత్స్యకారులు ఉంటున్న భూమిని వక్ఫ్ బోర్డు తనదన్నది. ఆ కుటుంబాల భయం నిజమైనదే. మన సంస్థలు తొలినాడే వెళ్లి, మీ ఇళ్ల జోలికి ఎవరూ రారని బహిరంగంగా గట్టిగా చెప్పి ఉండవలసింది. కేరళలో కొందరు ముస్లిం నాయకులు చొరవ చూపారు, కానీ అది చాలలేదు. అయితే ఒక ఊరి తగాదా తీరడానికి దేశమంతటి మసీదులు, ఖబరస్తానులు, దర్గాల ఆస్తులను పణంగా పెట్టవచ్చునా? చట్టం అమలులోకి వచ్చిన వారానికే కేంద్రమంత్రి కేరళకు వచ్చి, మునంబం వాసుల న్యాయపోరాటం ఇంకా సాగవలసి ఉంటుందన్నారు. ఈలోగా, ఏప్రిల్ తొలివారంలోనే, ఆర్గనైజర్ పత్రిక దేశంలో కేథలిక్ చర్చికి ఎంత భూమి ఉందో లెక్కలు తీస్తూ ఒక వ్యాసం వేసి, గొడవయ్యాక తొలగించింది. తదుపరి వంతు ఎవరిదో చదువుకున్నవారికి వేరే చెప్పాలా?

తెలుగు నేలకు ఫ్రాన్సిస్‌తో నిజమైన బంధం ఒకటుంది. 2022 ఆగస్టులో ఆయన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీని కార్డినల్‌ను చేశారు. ఆ పదవి పొందిన మొదటి దళితుడు ఆయనే. 2025 మే నెలలో కొత్త పోప్‌ను ఎన్నుకున్నవారిలో ఆయన కూడా ఉన్నారు. పోప్‌ను ఎన్నుకోగల దళితుడు మన రాజ్యాంగం దృష్టిలో షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. క్రైస్తవులకు, ముస్లింలకు మూసే ఉంచింది. మతం మారినవారికి అట్రాసిటీ చట్టపు రక్షణ వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పినది ఈ సంతాప దినాల వెంటనే. మాలపల్లెలో చర్చికి వెళ్లేవాడిని, ఊరి చివర దూదేకుల, మెహతర్ వాడల్లో నమాజు చదివేవాడిని ఊరు ఒకే చూపు చూస్తుంది. చట్టం మాత్రం ఇద్దరికీ ఆ చూపు లేదంటుంది. ఆ మూసిన తలుపును తెరవమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు, గడువులు పొడిగిస్తూ వచ్చారు.

కార్డినల్ గారికి సంతాప లేఖ రాసిన మన జమాఅతులు, మజ్లిసులు, మైనారిటీ వేదికలు అంతటితో ఆగకుండా, ఈ ఉత్తర్వు మీద ఆయన కార్యాలయంతో కలిసి ఒకే వినతిపత్రం ఇవ్వడానికి సమయం అడగాలి. అదే సమావేశంలో మునంబం గురించి, వక్ఫ్ గురించి కూడా ముఖాముఖి మాట్లాడాలి. ఆయన కాదంటే ఆ కాదన్న సంగతి కూడా ఈ పత్రికలో రాద్దాము.