మీటరు చెప్పే లెక్క

కనిగిరి మెట్టలో ఎండాకాలం ఫ్యాను రాత్రీ పగలూ తిరగాల్సిందే. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా లాగితే, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. దాని మోటారులో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. తీగచుట్టల్లోకి కరెంటు ఎప్పుడు పంపాలో ఒక చిన్న సర్క్యూట్ చూసుకుంటుంది, కాబట్టి వేడిగా వృథా అయ్యేది తక్కువ. రోజుకు 18 గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మీదే నెలకు 24 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి. కొనేవారు ముందు చూడాల్సింది అదే.

దీపాల సంగతి ముందే కుదుటపడింది. 2014లో రాష్ట్రంలో రాయితీ ఎల్‌ఈడీ బల్బులు మొదట అందిన జిల్లాల్లో అప్పట్లో పొరుగున ఉన్న గుంటూరు ఒకటి.

కనబడని ఖర్చు వేరే ఉంది. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్సు పనిచేస్తూనే ఉంటుంది. అది 10 వాట్లు తీసుకున్నా నెలకు 7 యూనిట్లు. స్మార్ట్ ప్లగ్ ఏ వస్తువు ఎంత తింటుందో ఫోనులో చూపిస్తుంది. ప్లగ్ లేకపోయినా ఇబ్బంది లేదు. చాలా ఎలక్ట్రానిక్ మీటర్ల మీద యూనిట్‌కు 3200 మెరుపులని రాసి ఉంటుంది. అలాంటి మీటరులో ఎర్రదీపం నిమిషానికి 32 సార్లు మెరిస్తే ఇల్లు అప్పుడు 600 వాట్లు వాడుతున్నట్టు. ఒక్కో స్విచ్ ఆపి మళ్లీ లెక్కిస్తే దేని వాటా ఎంతో తేలుతుంది. నీళ్ల మోటారును, పాత ఫ్రిజ్‌ను ఇలా తప్పక పరీక్షించాలి.

కొత్త పరికరానికి డబ్బు పెట్టడం ఈ లెక్క చూసుకున్నాకే మేలు.